జవాబు ఇచ్చేసిన్రు

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఇంట్లోవాళ్లకీ, కాలేజీలోవాళ్లకీ, రోజూ ఎక్కే ఆటోవాళ్లకీ తెలిసిన సంగతే ఇది. కోపంలో అన్న మాటలు మర్నాటికి నేనూ మర్చిపోతాను, పాపం అవతలివాళ్లూ మర్చిపోతారు. ఒక్కటి మాత్రం మర్చిపోలేకుండా ఉన్నాను. అది నోటితో అన్నది కూడా కాదు, ఫోన్లో టైపు చేసి పంపింది. గట్టిగా నాలుగు వాక్యాలు. అవి అందుకున్న మనిషి ఇప్పుడు లేడు. వచ్చి చూడమని ఆయన అడిగితే, చూడకుండానే తీర్పు చెప్పేశాను. రాస్తే మనసు తేలికపడుతుందన్న ఆశేమీ లేదు కానీ, రాయకుండా కూడా ఉండలేకపోతున్నాను.

ఆయన పరిచయమైంది ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద. ఆదివారాలు దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి కదా, వాటి ముందు పాత పుస్తకాలు పరుస్తారు. నేను అక్కడికి దగ్గర్లోనే ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెబుతాను. ఆ రోజు వెనక అట్ట ఊడిపోయిన ఒక అల్గారిథమ్స్ పుస్తకం మీద చెయ్యి వేశాను. అవతలి అంచు మీద ఇంకో చెయ్యి ఉంది. ఇస్త్రీ చేసిన చొక్కా, జేబులో నీలం పెన్నూ ఎర్ర పెన్నూ, అరవైకి దగ్గరపడుతున్న మనిషి. పుస్తకం వదలకుండానే అడిగాడు.

"మేడమ్, ఇది చదివితె టైంటేబుల్ తయారుజేసుడు వస్తదా?"

నాంపల్లిలో ఒక హైస్కూల్లో లెక్కల టీచరట, ఇల్లూ అక్కడేనట. ఉస్మాన్‌గంజ్‌లో అన్నదమ్ములంతా వ్యాపారంలో ఉంటే ఈయనొక్కడే చదువుల వైపు వచ్చాడట. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఏటా జూన్‌లో బడి టైంటేబుల్ వెయ్యడం ఈయన నెత్తినే పడిందట. పాత పెళ్లికార్డులను చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి, ఒక్కో టీచరుకు ఒక్కో రంగు అనుకుని, స్టాఫ్ రూమ్ నేల మీద చార్టు పరిచి, ముక్కలు అటూ ఇటూ జరుపుకుంటూ మూడు రోజులు కూర్చుంటాడు. ముక్కలు ఎగిరిపోతాయని ఆ మూడు రోజులూ ఫ్యాన్ బంద్. మిగతా టీచర్లు చెమటలు కక్కుకుంటూ తిట్టుకుంటారు. హిందీ ఆవిడకు ఆఖరి పీరియడ్ వెయ్యకూడదు, ఆమె బస్సు తప్పిపోతుంది. ల్యాబ్ ఒక్కటే ఉంది, తొమ్మిదో తరగతికీ పదో తరగతికీ ఒకేసారి పడకూడదు. సైన్స్ టీచర్లిద్దరికీ మాటల్లేవు, వాళ్లిద్దరికీ ఒకేసారి ఖాళీ ఇస్తే స్టాఫ్ రూమ్‌లో కొంపలంటుకుంటాయి.

"తయారుజేస్తందుకు నాకు మూడు దినాలు మేడమ్. మా హెడ్మాస్టర్ చాయ్ తాగుకుంట రెండు నిమిషాల్ల చూసి, గీడ తప్పున్నది సార్ అంటడు. గిదేం ఇన్సాఫ్?"

నాకు నవ్వాగలేదు. ఎందుకంటే ఆయన తెలియకుండానే మా సబ్జెక్టులో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న అడిగేశాడు. పక్కనే ఉన్న హోటల్లో చాయ్ చెప్పి ఆయనకు విడమర్చాను. ఎవరైనా టైంటేబుల్ వేసి చేతికిస్తే, అది సరిగ్గా ఉందో లేదో చూడటం తేలిక. లేనిదాన్ని కొత్తగా వెయ్యడం కష్టం. ముక్కలు జరుపుతూ పోతే ఎన్ని రకాలుగా పెట్టవచ్చో లెక్కకందదు, బడి పెద్దదయ్యేకొద్దీ ఎంత పెద్ద కంప్యూటరైనా చతికిలబడుతుంది. మరి చూడటం తేలికైన చోటల్లా కనుక్కోవడానికి కూడా ఏదో తేలిక దారి ఉందా? మనకు ఇంకా తట్టలేదంతేనా? లేక అలాంటి దారి అసలు లేనే లేదా? ఇది ఎవరికీ తెలియదు. ఉందని చూపించినవాళ్లు లేరు, లేదని రుజువు చేసినవాళ్లూ లేరు. లేదనే ఎక్కువమంది అనుకుంటారు, అంతే. ఇంకో తమాషా ఏమిటంటే, ఎన్ని బళ్లకైనా, ఎంత పెద్ద బడికైనా పనిచేసే దారి టైంటేబుల్‌కి దొరికిందంటే, ఇలాంటి వేల చిక్కుముడులకు దొరికినట్టే.

"ఎవ్వరికి తెల్వదా? ఇంత పెద్ద దునియాల?" అన్నాడాయన. ముఖం వెలిగిపోయింది. ఏదో పండుగకు పిలిచినట్టు సంబరపడ్డాడు.

అలా మొదలైంది. మా వైపు అలవాటు కొద్దీ నేను ఆయన్ని మాస్టారూ అని పిలిచేదాన్ని. మాది ఏలూరు వైపు. "మేడమ్, మా దగ్గర మాస్టర్ అంటె బట్టలు కుట్టేటాయన. నా దగ్గర టేపు లేదు" అని నవ్వేవాడు. అయినా నేను మానలేదు, ఆయన అలవాటు పడ్డాడు.

ఆర్నెల్లకో ఏడాదికో ఒక నోట్‌బుక్ తెచ్చేవాడు. రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్, ముత్యాల్లాంటి అక్షరాలు. తేలిక దారి ఉందని ఆయన నమ్మకం. ఎడమ పేజీలన్నీ ఖాళీగా వదిలేసి కుడి పేజీల్లోనే రాసేవాడు. ఎడమవైపు నా ఎర్ర పెన్నుకట. నేను చాయ్ చల్లారేలోపు తప్పు పట్టేసేదాన్ని. తప్పు ఎప్పుడూ ఒకే రకంగా ఉండేది. అన్నీ పద్ధతిగా చెప్పుకుంటూ వచ్చి, ఎక్కడో ఒకచోట 'ఇందులో తగినదాన్ని తీసుకోవాలె' అని రాసేవాడు. తగినది ఏదో ఎలా తెలుస్తుందండీ? అది తెలియకే కదా ఇంత గోల! ఆ మాట కింద ఎర్రగీత పడగానే ఆయన తల గోక్కునేవాడు.

"చూసిన్రా మేడమ్, నాకు ఆరు నెలలు, మీకు పావుగంట. మీరు చెప్పిన లెక్క ఇదే కదా."

ఒక్కసారి కూడా ముఖం చిన్నబుచ్చుకోలేదు. మళ్లీ ఆదివారం "జవాబు దొరికిందా మాస్టారూ?" అని నేను ఆటపట్టించడం, "దొరుకుతది, ఎటు పోతది" అని ఆయన అనడం. ఎనిమిదేళ్లలో పదకొండు నోట్‌బుక్కులయ్యాయి.

ఇక్కడ నా గురించి ఒక నిజం చెప్పాలి. ఆ ప్రశ్న మీదే నేను పరిశోధనకు చేరాను ఒకప్పుడు. మూడేళ్లకు వదిలేశాను. పెళ్లి, ఉద్యోగం, పిల్లలు అని అందరికీ చెప్పాను. అవేవీ కారణం కాదు. నాకు భయమేసింది. ఎంత తవ్వినా ఏమీ దొరకదేమో, జీవితమంతా తప్పులు చేస్తూనే గడిచిపోతుందేమో అని. అలాంటిది ఈ మనిషి తప్పు మీద తప్పు చేస్తూ, సిగ్గనేది లేకుండా నవ్వుతూ పన్నెండో నోట్‌బుక్ కొంటుంటే నాకు లోలోపల మండేది. అసూయే. ఇంకో పేరు పెట్టడానికి లేదు.

రిటైరయ్యాక ఆయనకు తీరిక పెరిగింది, ఫోన్ అలవాటైంది. ఫలానా దేశంలో ఎవరో జవాబు కనిపెట్టేశారని వీడియోలు వస్తుంటాయి కదా, అన్నీ నాకు పంపేవాడు. "మేడమ్ ఇది నిజమేనా? జర చూడండి." మొదట్లో ఓపిగ్గా ఒక్కోటీ చూసి ఎక్కడ తప్పుందో రాసేదాన్ని. తర్వాత 'తప్పు' అని ఒక్క మాట. తర్వాత అదీ మానేశాను. ఆర్నెల్లుగా ఆయన ఆదివారాలు రావడం కూడా తగ్గింది. ఒకసారి అడిగితే "జర ఒంట్ల మంచిగుంటలేదు మేడమ్" అన్నాడు. వయసు కదా అనుకున్నాను. నాంపల్లికీ ఆబిడ్స్‌కీ మధ్య ఎంత దూరం? పది నిమిషాల నడక. అన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆయన ఇంటి మెట్లెక్కలేదు నేను.

ఆ మెసేజ్ వచ్చినరోజు కాలేజీలో ఇంటర్నల్ మార్కుల హడావుడి. పొద్దున్నే మా ఫైనలియర్ అమ్మాయి ఒకతి ఫోన్ పట్టుకొచ్చి, "మేడమ్, ఆ ప్రాబ్లం సాల్వ్ అయిపోయిందట" అని వీడియో చూపించింది. షరా మామూలే, పనికిమాలిన గోల. దానికి క్లాసు పీకి స్టాఫ్ రూమ్‌లోకి వచ్చి కూర్చున్నానో లేదో, ఫోన్ మోగింది. మాస్టారి మెసేజ్.

"మేడమ్, జవాబు ఇచ్చేసిన్రు. ఇగ అయిపోయినట్టె అంటున్నరు. మీరు ఒక్కసారి వచ్చి చూస్తరా?"

నా ఒళ్లు మండిపోయింది. అదే వీడియో ఈయన దాకా పాకిందన్నమాట. పైగా ఫోన్లో చూడటం చాలక ఇంటికొచ్చి చూడాలా! చేతిలో మార్కుల కాగితాలు పక్కన పడేసి, టకటకా టైపు చేశాను.

"ఆ జవాబు తప్పు. చూడకుండానే చెప్పగలను. ఇలాంటివి వస్తుంటాయి, పోతుంటాయి. అనవసరంగా కంగారుపడి అందరినీ కంగారుపెట్టకుండా మీ పని మీరు చూసుకోండి."

కాసేపటికి తిరుగు మెసేజ్ వచ్చింది. "షుక్రియా మేడమ్. మీరన్నంక ఇగ ఫికర్ లేదు."

ఎత్తిపొడుపేమో అనిపించింది ఒక్క క్షణం. ఆయనకు ఎత్తిపొడవడం రాదు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా పోనీలే, గొడవ వదిలింది అనుకున్నాను. ఆ తర్వాత ఆయన ఏమీ పంపలేదు. నిజం చెప్పొద్దూ, నాకు హాయిగానే ఉంది.

పరీక్షలు, పేపర్లు దిద్దడం అయ్యాక ఒక ఆదివారం ఫుట్‌పాత్ మీదికి వెళ్లాను. ఎప్పుడూ మాకు పుస్తకాలు తీసిపెట్టే ఆయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"మేడమ్, మీ సార్ పోయిండు కదా. పదిహేను దినాలైతుంది. మీకు తెల్వదా?"

ఇల్లు ఎక్కడో ఆయన్నే అడిగి తెలుసుకుని తిన్నగా నాంపల్లి వెళ్లాను. స్టేషన్ వెనక సందులో పాత మేడ, పైన రెండు గదులు. ఫోటోకి దండ వేసి ఉంది. ఆయన భార్య చాప మీద కూర్చుని ఉంది. లావుపాటి మనిషి, కళ్లు వాచి ఉన్నాయి. నేనెవరో చెప్పగానే ఆమె గబుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"మీరేనా గా మేడమ్! కూసోండి, కూసోండి. బిడ్డా, మేడమ్ వచ్చిన్రు, నీళ్లు తే."

లోపలి గదిలోంచి ముప్పై దాటిన అమ్మాయి గ్లాసుతో వచ్చింది. వాళ్ల ఒక్కగానొక్క కూతురు, కాపురం సోలాపూర్‌లో. నీళ్లిచ్చి గోడకానుకుని నిలబడింది. నేను ఏదో అనాలని, ఆయన బాగా లేరని నాకు తెలియదండీ అన్నాను.

"గదేంది? మీకు తెల్వకపోవుడేంది? లక్డీకాపూల్ దవాఖానల డాక్టర్లు జవాబిచ్చిన దినమే మీకు మెసేజ్ పెట్టిండు కదా. నా ముంగటనే పెట్టిండు."

"ఏం జవాబు?" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "జవాబంటె జవాబే. ఇగ మాతోని కాదు, ఇంటికి తీస్కపోన్రి అన్నరు. గట్ల చెప్తె జవాబిచ్చిన్రు అంటం. మీ దిక్కు అనరా?"

అనం. మా వైపు ఆ మాట లేదు. డాక్టర్లు పెదవి విరిచారంటాం, ఆశ వదులుకోమన్నారంటాం. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను, ఇక్కడి మాట నాకు బాగా వచ్చని అనుకుంటాను. ఈ ఒక్కటి ఎవరూ నా ముందు అనలేదో, అన్నా నేను చెవిన పెట్టలేదో! ఎనిమిదేళ్లుగా మా ఇద్దరి మధ్యా జవాబంటే ఒక్కటే జవాబు. ఆయన చావుకబురు పంపి ఒక్కసారి వచ్చి చూడమంటే, నేను వీడియో అనుకున్నాను.

ఆమె ఇంకా చెబుతూనే ఉంది. నాకు వినాలని లేదు.

"మీ మెసేజ్ వచ్చినంక ఆయన నాతోని నాలుగు సార్లు చదివిపిచ్చుకున్నడు మేడమ్. చూసినవా, డాక్టర్ల జవాబు తప్పంట, మేడమ్ చెప్పింది అన్నడు. ఆమె డాక్టరా ఏందయ్యా అన్న నేను. తప్పు పట్టుడు ఆమె పని, పదకొండు నోట్‌బుక్కులల్ల ఆమె తప్పన్నది ఒక్కటి గూడ ఒప్పు కాలే అన్నడు. గా దినం సంది కడుపునిండ తిన్నడు. వచ్చినోళ్లకల్లా ఫోన్ తీసి సూపెట్టిండు. ఇరవై దినాలు మీ మాట మీదనే ఉన్నడు. మీకు మస్తు పుణ్యముంటది."

ఆవిడ నా చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుని చెప్పింది ఆ మాట. నిజంగా నమ్మాడో, భార్య కోసం నమ్మినట్టు ఉన్నాడో నాకు ఎప్పటికీ తెలియదు. ఆ పుణ్యం పుచ్చుకుని, నాలుగు కన్నీటిబొట్లు రాల్చి లేచి వచ్చేస్తే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. ఆ ఆలోచన నాకు వచ్చింది. ఛీ, ఆ స్థితిలో కూడా వచ్చింది.

కూతురు గోడ దగ్గర్నుంచే అడిగింది.

"అమ్మ నన్ను పిలుస్త అంటె నాయిన వద్దన్నడంట మేడమ్. తప్పు జవాబుకు పిల్లను ఎందుకు పరేషాన్ చేసుడు, మేడమ్ గూడ ఎవ్వరిని కంగారుపెట్టొద్దని రాసింది అన్నడంట. నేనొచ్చేసరికి అయిపాయె. మీరు ఏం చూసి గట్ల చెప్పిన్రు? నాయిన మీకు రిపోర్టులు పంపిండా?"

నా చెయ్యి ఇంకా ఆవిడ చేతుల్లోనే ఉంది. మెల్లగా వెనక్కి తీసుకున్నాను.

"లేదమ్మా. ఏమీ చూడలేదు" అన్నాను.

అంతా చెప్పేశాను. వీడియో, మార్కుల కాగితాలు, కోపం, ఆ నాలుగు వాక్యాలు ఏ జవాబు గురించి రాశానో. నా ప్రశ్న గురించి చెబుతుంటే నాకే అసహ్యం వేసింది. ఆ ఇంట్లో, ఆ ఫోటో ముందు, ఏమిటా గోల! ఆవిడ ఆయన ఫోన్ తీసి మెసేజ్ మళ్లీ చదువుకుంది, పెదాలు కదుపుతూ, మొదటినుంచి. చదివి ఫోన్ చాప మీద బోర్లా పెట్టింది. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

కూతురి గొంతులో కూడా కోపం లేదు. అలసట ఉంది.

"సోలాపూర్ నుంచి ట్రెయిన్ల ఆరు గంటలు మేడమ్. గా దినమే ఫోన్ చేస్తె పొద్దుమూకేటాలకు వస్తుంటి. ఇరవై దినాలు ఆయన దగ్గర ఉంటుంటి." తర్వాత అడిగింది. "జవాబంటె ఏం జవాబని ఒక్క మాట అడగకపోతిరా?"

ఆ పిల్ల నా ముఖంలోకే చూస్తోంది. ఒక్క ఫోన్, ఒక్క నిమిషం పని. "ఏం జవాబు మాస్టారూ?" అంటే ఆయనే చెప్పేవాడు.

"అడగలేదమ్మా" అన్నాను.